వెనక అట్టకి నాలుగు లైన్లు

పుస్తకం వెనక అట్టకి
నాలుగు లైన్ల పరిచయం పంపమన్నారు మీరు.
పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం,
ఒక ఫొటో, కాస్త నవ్వుతూ.

పుట్టింది కాశీబుగ్గ, అని రాశాను.
పెన్ను అక్కడే ఆగింది.

కాశీబుగ్గ అంటే నాకు ముందు వాసన.
బట్టీల్లో జీడిపిక్కలు కాలే పొగ,
వీధి వీధంతా గొంతులో గరగర.
ఆరేసిన లంగాలో, అన్నంలో,
రెండో తరగతి వాచకంలో కూడా అదే.
పలాసలో రైలు ఆగితే
కిటికీ పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవారు.
నాకు ఆకలేసేది.

మా అమ్మమ్మ తవుడమ్మ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కక
ఈ పిల్లని పొరుగింటి చేతిలో పెట్టి
చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారట.
"నా కరీదు నాకు తెలుసు.
నీదెంతో ఎవులికీ తెల్దు" అనేది,
గర్వంగానే.

రాయి మీద పిక్క నిలబెట్టి
చిన్న గూటంతో ఒకటే దెబ్బ.
గట్టిగా పడితే పప్పు ముక్కలు, కూలి సగం.
మెత్తగా పడితే పెంకు నవ్వుతుంది.
"దెబ్బ సేతిలో ఉండదే, సెవిలో ఉంటాది.
ఇరిగే ముందర పిక్క సిన్నగా సెప్తాది. ఇను."

ఇప్పటికీ ఒక మాటని కాగితం మీద నిలబెట్టి
ఎంత గట్టిగా కొట్టాలో తెలీనప్పుడు
చెవి దగ్గర పెట్టుకుంటాను.
ఎక్కువసార్లు ముక్కలే వస్తాయి.
పర్లేదు, ముక్కలంటే నాకు చిన్నప్పటి ఇష్టం.
గేటు దగ్గర ఆడవాళ్ళ రొంటినీ కొంగునీ తడిమేవారు,
నా జడలో వెతకాలని ఎవరికీ తోచలేదు.

గోడ మీద బొగ్గు గీతలే నా మొదటి రాత.
కిలోకి ఒక గీత, అయిదుకి ఒక అడ్డం.
ఓ శనివారం మేస్త్రి లెక్కలో రెండు కిలోలు తగ్గితే
అమ్మమ్మ ఆయన్ని రెక్క పట్టి లాక్కొచ్చి
గోడ ముందు నిలబెట్టింది.
"నా మనవరాలు రాసింది. సదువు."

నా రాతని అంత ధీమాగా
మళ్ళీ ఎవరూ ఎవరికీ చూపించలేదు.

నిజం ఇన్నాళ్ళకి చెబుతున్నాను.
ఆ రెండు గీతలూ నేను ఊరికే గీసినవి.
వరస చివర బోసిగా ఉందని.
మేస్త్రి గొణుక్కుంటూ డబ్బులిచ్చాడు.
ఆ రాత్రి నా కంచంలో
అడక్కుండానే ఇంకో చేప ముక్క పడింది.
అమ్మమ్మ నా మొహం చూడలేదు.

బడిలో "నేదు" అని రాస్తే
పంతులుగారు ఎర్రసిరాతో కొట్టేసి
"లేదు" అని యాభైసార్లు రాయించారు.
లేదు లేదు లేదు లేదు,
పేజీ నిండా రాశాక చూస్తే ఏమీ లేదు.
నేదు అన్నప్పుడు
మొదటి అక్షరంలో నేను
కొంచెమైనా మిగిలుండేదాన్ని.

జీడిసొన వేళ్ళని తినేస్తుంది.
ఆముదం రాసినా, బూడిద అద్దినా తింటుంది.
చివరి రోజుల్లో రేషన్ డిపోలో
కుడి బొటనవేలు, ఎడమది, చూపుడువేళ్ళు,
అన్నిటికీ ఎర్రలైటే.
"మిషను నిన్ను గుర్తుపట్టట్లేదే అమ్మా" అన్నాడు
ఒకప్పుడు ఆవిడ చంకనెక్కి తిరిగిన గుంటడు.
అమ్మమ్మ వేలు చెంగుకి తుడుచుకుని
మిషన్ని జాలిగా చూసింది.
"దాందేటి, కొత్తది. నీకు తెల్దేటి నాను?"
వాడు తల దించుకుని
తన వేలు పెట్టి బియ్యం తూచాడు.

నా వేళ్ళ మీద గీతలన్నీ ఉన్నాయి.
ఎడమ చూపుడువేలికి మాత్రం
ఏడేళ్ళప్పుడు సొన పడి కాలిన నున్నటి మచ్చ.
ఆఫీసులో మిషను నన్ను ఒక్క క్షణంలో పట్టేస్తుంది.
రోజూ ఉదయం పది గంటలకి
అందుకే కాస్త సిగ్గేస్తుంది.

నాలుగు లైన్లు దాటినట్టుంది.
మీకు ఎంత కావాలో అంత కోసుకోండి.
ఫొటో నేదు.
లెక్కలో ఎక్కడైనా
రెండు గీతలు ఎక్కువ కనిపిస్తే
ఉండనివ్వండి.